మావి అంటు

జి. కొండూరు దాటి మైలవరం వైపు పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలు కనిపిస్తాయి. ఎండాకాలం కాయ కోతకొచ్చి నున్న మార్కెట్టుకు బళ్లు కదిలేటప్పుడు ఈ తోటల్ని అందరూ చూస్తారు. వానాకాలంలో అంట్లు కట్టే రోజుల్లో చూసేవాళ్లు తక్కువ. నిరుడు శ్రావణంలో ఒక పూటంతా అంట్లు కట్టే పెద్దాయన పక్కన కూర్చున్నాను.

ఆయన ముందున్నది టెంక నుంచి మొలిచిన మొక్క. పెన్సిలంత లావుంది. దాని తల కోసేసి, మిగిలిన కాండాన్ని సన్న చాకుతో నిలువునా చీల్చాడు. రెండో చేతిలోని పుల్ల బాగా కాసే చిన్న రసం చెట్టుది. పది రోజుల ముందే దాని ఆకులు కత్తిరించి చెట్టు మీదే ఉంచారట. అందువల్ల కొన మొగ్గ ఉబ్బి, చిగురు వేయడానికి సిద్ధంగా ఉంది. పుల్ల మొదలును రెండు పక్కలా ఏటవాలుగా చెక్కి చీలికలో దించాడు. దించాక వెంటనే కట్టలేదు. కాసేపు దాన్ని అటూ ఇటూ సన్నగా జరుపుతూనే ఉన్నాడు. బెరడు కింద పలచని పచ్చపొర ఉంటుంది. పుల్లలోని పొర, మొక్కలోని పొర కనీసం ఒక పక్కనైనా ఒకదానికొకటి ఆనాలి. ఆనకపోతే ఎంత గట్టిగా కట్టినా పట్టదు. ఆనిందని నమ్మకం కుదిరాక ప్లాస్టిక్ పట్టీతో కింది నుంచి పైకి చుట్టి, తేమ ఆరిపోకుండా పైన చిన్న కవరు తొడిగాడు.

"పట్టిందో లేదో ఎప్పుడు తెలుస్తుంది తాతా?"

"మూడు వారాలు పోనీ. చిగురేస్తే అదే చెప్పుద్ది. ఈలోపు కదిపి చూడమాక."

తెలుగులో మావి అంటే మామిడి. కాన్పులో బిడ్డ వెనక వచ్చే మాయకూ మావి అనే పేరుంది. రెండు మాటలూ ఒకేలా ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు గానీ, ఆ పూట నా మనసులో అవి కలిసిపోయాయి. అందుకు కారణం మా పిన్ని. ఆమెకు మూడుసార్లు కడుపు నిలవలేదు. మూడుసార్లూ మూడో నెల దాటకుండానే పోయింది. మొదటిసారి, స్కూటీ ఎక్కి మైలవరం పోయొచ్చినందుకే అన్నారు. రెండోసారి బొప్పాయి తిన్నదన్నారు. మూడోసారి ఎవరూ ఏమీ అనలేదు. ఆ మౌనం ఆమెకు మాటల కంటే బరువైంది. నేను కారణం కోసం చదవడం మొదలుపెట్టి, ఒక పనితనం దగ్గర ఆగిపోయాను. గర్భం ఎందుకు పోతుందో తెలియాలంటే, అది నిలవడం ఎంత పనో ముందు చూడాలి.

అండం, వీర్యకణం కలిసిన ఆరేడు రోజులకు పిండం గర్భాశయం లోపలి పొరను అంటుకుంటుంది. అప్పటికి అది చుక్కంత కణాల బంతి. బంతి లోపలి గుంపు బిడ్డ అవుతుంది, బయటి పొర మావి అవుతుంది. ఆ బయటి పొర కణాలకు ట్రోఫోబ్లాస్టులని పేరు. ఇక్కడ వాటిని మావి కణాలంటాను. వాటి జన్యువుల్లో సగం తండ్రివి, అంటే తల్లి ఒంటికి పరాయివి. చిన్న రసం పుల్లలాగే ఇదీ మరొకరి కణజాలంలో నాటుకోవాలి. అయితే మామిడి అంటులో రెండు మొక్కల నాళాలూ చివరికి ఒకటవుతాయి. మావిలో తల్లి రక్తం, బిడ్డ రక్తం కలవవు. పలచని పొరకు అటు ఒకటి, ఇటు ఒకటి పారుతుంటే ఆహారం, ఆక్సిజన్ ఆ పొర దాటుతాయి. ఒకటి కాకుండానే ఒకటిగా పనిచేయడం అంటు కంటే కష్టమైన పని.

మావి కణాలు రెండు దారులు పడతాయి. కొన్ని చెట్టు వేళ్లలా కొమ్మలు వేసి, తల్లి రక్తంలో మునిగి, ఇచ్చిపుచ్చుకునే పని చూస్తాయి. మిగిలినవి గర్భాశయపు గోడలోకి నడుస్తాయి. అక్కడ తల్లి రక్తనాళాలు స్ప్రింగుల్లా మెలికలు తిరిగి ఉంటాయి. వాటి గోడలో కండరం ఉంటుంది కాబట్టి అవి బిగుసుకోగలవు. వచ్చిన కణాలు ఆ కండరాన్ని తొలగించి, దాని చోట తామే గోడగా నిలబడతాయి. ఇరుకైన నాళం నోరు వెడల్పయి, బిగుసుకోవడం మానేస్తుంది. ఆ తర్వాత తల్లి భయపడ్డా, చలికి వణికినా, ఈ నాళాలు మాత్రం బిడ్డకు పారే రక్తాన్ని తగ్గించవు.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు మరొకటుంది. మొదటి రెండున్నర నెలలూ ఆ నాళాల నోళ్లను మావి కణాలే బిరడాల్లా మూసి ఉంచుతాయి. లేత పిండం తక్కువ ఆక్సిజన్‌లోనే క్షేమంగా పెరుగుతుంది. అప్పటిదాకా గర్భాశయ గ్రంథుల స్రావమే దానికి ఆహారం. పది పన్నెండు వారాల మధ్య బిరడాలు సడలి, రక్తం ధారగా వస్తుంది. నారుమడికి నీళ్లు పెట్టేవాడు మడవ ఎప్పుడు విప్పాలో చూసుకున్నట్టే ఉంటుంది ఈ పని. చాలా గర్భస్రావాల్లో ఈ మడవ ముందే తెగి, రక్తం అదును లేకుండా వచ్చి పడుతుందని పరిశీలనలు చెబుతున్నాయి.

కణాలు తక్కువ లోతుకు వెళ్తే నాళాలు ఇరుకుగానే ఉండిపోతాయి. మరీ లోతుకు వెళ్తే కాన్పులో మావి ఊడిరాదు, తల్లికి ప్రాణాపాయం. ఎంత దూరం నడవాలో, ఎక్కడ ఆగాలో ఒక్కో కణానికి ఎవరో చెప్పాలి. ఆ చెప్పేవాళ్లలో తల్లి హార్మోన్లున్నాయి, ఆమె రోగనిరోధక కణాలున్నాయి. వాటితోపాటు, చాలాకాలం ఎవరూ లెక్కలోకి తీసుకోని చిన్న పనివాళ్లు కూడా ఉన్నారు.

మన జన్యుగ్రంథం 300 కోట్ల అక్షరాల పొడవు. అందులో ప్రోటీన్ల తయారీకి సూచనలున్న భాగం నూటికి రెండు వంతులు కూడా లేదు. ఆ సూచనకు ఆర్‌ఎన్‌ఏ అనే నకలు తయారవుతుంది, నకలును చదివి కణం ప్రోటీన్ కడుతుంది. మనం బడిలో చదువుకున్నది ఇంతే. కానీ మిగతా భాగం నుంచి కూడా నకళ్లు తయారవుతాయి. వాటిని చదివితే ప్రోటీన్ రాదు. అందుకే వాటికి నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ అని పేరు. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో ఇలాంటి బుల్లి ఆర్‌ఎన్‌ఏ ఒకటి మరో జన్యువు పనిని ఎలా తగ్గిస్తుందో చూపించారు. ఆ పురుగుకే పరిమితమైన వింత అనుకున్నవాళ్లు చాలామంది. అదే పద్ధతి మనిషి దాకా ఉందని తర్వాత తేలింది. 2024లో వాళ్లిద్దరికీ వైద్యంలో నోబెల్ ఇచ్చారు. ఇప్పుడు వీటిని మైక్రో ఆర్‌ఎన్‌ఏలంటున్నాం.

ఒక్కటి తయారయ్యే తీరు చూస్తే అంటు కట్టే చాకు గుర్తొస్తుంది. ముందు పొడుగాటి ఆర్‌ఎన్‌ఏ పోగు వస్తుంది. అందులో కొంత భాగం తన మీదకు తానే మడత పడి, తలపిన్ను ఆకారంలో నిలుస్తుంది. ద్రోషా అనే ఎంజైము, దాని జోడీ ప్రోటీనుతో కలిసి పిన్ను మొదలును పట్టుకుంటుంది. మొదటి నుంచి పదకొండు మెట్లు పైకి లెక్కపెట్టినట్టు, సరిగ్గా అక్కడ కోస్తుంది. మిగిలిన పిన్ను సుమారు 70 అక్షరాలు. దాన్ని ఎక్స్‌పోర్టిన్-5 అనే ప్రోటీన్ కణకేంద్రకం గడప దాటిస్తుంది. బయట డైసర్ కాచుకుని ఉంటుంది. దాని ఒంట్లో ఒకచోట పిన్ను కొస ఇరుక్కునే గూడు, కొంత ఎడంగా కోసే అంచు ఉన్నాయి. గూటికీ అంచుకూ మధ్య దూరమే కొలబద్ద. అందుకే ముక్క ప్రతిసారీ దాదాపు 22 అక్షరాల పొడవే వస్తుంది. కొలిచే సాధనం, కోసే సాధనం రెండూ ఒకే పనిముట్టులో ఇమిడిపోయాయి.

ఆ ముక్కలో రెండు పోగులుంటాయి. ఆర్గోనాట్ అనే ప్రోటీన్ వాటిలో ఒకదాన్ని ఒడిలో ఉంచుకుని, రెండోదాన్ని వదిలేస్తుంది. ఏది ఉంచుకోవాలో పోగు కొసలే చెబుతాయి. ఏ కొస వదులుగా అల్లుకుని ఉంటే ఆ పోగును సాధారణంగా ఎంచుకుంటుంది. అప్పుడు ఆ పోగులో 2వ అక్షరం నుంచి 8వ అక్షరం దాకా బయటికి చూస్తూ నిలుస్తాయి. ఈ ఏడక్షరాలకు జత కుదిరే చోటు ఏ ప్రోటీన్ నకలు తోకలో దొరికితే, అక్కడ ఆర్గోనాట్ అతుక్కుంటుంది. ఆ నకలు కొంత తక్కువగా చదవబడుతుంది, కొంత త్వరగా అరిగిపోతుంది.

ఇక్కడ గమనించాల్సింది దాని మితం. ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ వందలాది నకళ్లను తాకుతుంది. వాటిలో చాలావాటిని ఆపేయదు. పావు వంతో, మూడో వంతో తగ్గిస్తుంది. వంట దగ్గర అనుభవమున్న చెయ్యి మంటను ఆర్పదు, సెగ తగ్గిస్తుంది. గర్భానికి కావలసింది ఆ చెయ్యే. డైసర్ లేకుండా పెంచిన ఎలుక పిండాలు ఏడెనిమిది రోజులకు మించి బతకవని 2003లో తేలింది. ఎలుకలో అది పిండం నాటుకుని రూపు కట్టే సమయం.

మావి విషయానికొస్తే, 19వ క్రోమోజోము మీద ఒక వీధి ఉంది. సుమారు లక్ష అక్షరాల పొడవులో 46 మైక్రో ఆర్‌ఎన్‌ఏ జన్యువులు వరసగా, ఇళ్లు ఆనించి కట్టినట్టు ఉంటాయి. కోతుల కుటుంబంలో, మనిషిలో తప్ప మరే జంతువులోనూ ఈ వీధి లేదు. ఎలుకలో లేదు, ఆవులో లేదు. ఇది ముఖ్యంగా మావిలోనే మేలుకుంటుంది. అదీ తండ్రి నుంచి వచ్చిన ప్రతిలో మాత్రమే. తల్లి ప్రతి మీద రసాయన ముద్ర పడి మూతపడి ఉంటుంది. ఈ గుంపు మావి కణాల నడకను నెమ్మది చేస్తుందని 2014లో పిట్స్‌బర్గ్ పరిశోధకులు చూపించారు. ఇచ్చిపుచ్చుకునే పనిలో స్థిరంగా ఉండే కణాల్లో ఇవి ఎక్కువ, గోడలోకి నడిచే కణాల్లో తక్కువ. అంటే నడవాల్సిన కణంలో పగ్గం సడలుతుంది, నిలవాల్సిన కణంలో బిగుస్తుంది. పగ్గం ఒకటే, ఏ కణం ఎక్కడుందన్నదాన్ని బట్టి పట్టు మారుతుంది.

హెచ్19 కథ ఇంకా సొగసైనది. ఇది మైక్రో కాదు, సుమారు 2,300 అక్షరాల పొడుగాటి ఆర్‌ఎన్‌ఏ. దీని నుంచి ప్రోటీన్ రాదని 1990లోనే అనుమానించారు. ఇది తల్లి ప్రతి నుంచి మాత్రమే పలుకుతుంది. దీని పక్కింట్లో ఎదుగుదలను పురికొల్పే ఐజీఎఫ్2 జన్యువుంది. అది తండ్రి ప్రతి నుంచి మాత్రమే పలుకుతుంది. తండ్రి వైపు పెరగమంటుంది, తల్లి వైపు చాలంటుంది అని చాలామంది ఇక్కడ కథ ముగిస్తారు. నాకు ఆ కథ మరీ నున్నగా తోస్తుంది. 19వ క్రోమోజోము వీధిలో పగ్గం పట్టింది తండ్రి ప్రతే కదా. హెచ్19లో అసలు చూడాల్సింది దాని పొట్ట. ఆ పొడుగాటి పోగులోనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ-675 అనే తలపిన్ను దాగి ఉంది. హ్యూఆర్ అనే ప్రోటీన్ పోగును చుట్టుకుని ఉన్నంతకాలం ద్రోషా ఆ పిన్నును కోయలేదు. ఎలుకల్లో మావి పెరగాల్సినంతకాలం కాపలా ఉంటుంది. గర్భం చివరి దశకు రాగానే కాపలా తొలగి, 675 బయటపడి, మావి ఎదుగుదలకు చాలు అని చెబుతుంది. హెచ్19 లేని ఎలుకల్లో మావి అతిగా పెరుగుతుంది. 2012లో ఇది బయటపడింది. ఎప్పుడో వాడాల్సిన మాటను ముందే రాసి, కవరులో పెట్టి, కవరు చింపే వేళను వేరొకరికి అప్పగించినట్టుంది ఈ ఏర్పాటు.

పెద్దాయన కట్టిన అంటును చూస్తూ ఉండగా తట్టిన సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. మొక్కల్లో అంటు కట్టిన చోటును బుల్లి ఆర్‌ఎన్‌ఏలు దాటుతాయి. ఆవ కుటుంబానికి చెందిన ప్రయోగశాల మొక్క మీద అంటు కట్టి చూసినప్పుడు, పైనున్న పుల్లలో పుట్టిన బుల్లి ఆర్‌ఎన్‌ఏలు కిందున్న వేరులో కనిపించాయి. కనిపించడమే కాదు, అక్కడి జన్యువుల మీద ముద్రలు కూడా మార్చాయని 2010లో రాశారు. అంటే పుల్ల, మొక్క నీళ్లు, పసరుతోపాటు మాటలూ పంచుకుంటాయి. మావీ అంతే. 19వ క్రోమోజోము వీధిలోని ఆర్‌ఎన్‌ఏలను మావి కణాలు కొవ్వు పొర బుడగల్లో చుట్టి తల్లి రక్తంలోకి వదులుతాయి. గర్భిణి చేతి నుంచి తీసిన రక్తంలో అవి దొరుకుతాయి. కాన్పయ్యాక త్వరగా తగ్గిపోతాయి. ఆ బుడగలు తాకిన వేరే కణాలు వైరస్‌లను తట్టుకోవడం 2013లో ప్రయోగశాలలో చూశారు. ఇంకా పుట్టని బిడ్డ మావి నుంచి బయల్దేరి, తల్లి ఒంట్లో తిరిగే చీటీలవి.

ఇంత నేర్పుగా అల్లిన పనిలో ఒక్క అక్షరం మారితే ఏమవుతుంది? 2011లో చైనాలో హాన్ స్త్రీల మీద జరిగిన పరిశోధన మైక్రో ఆర్‌ఎన్‌ఏ-125ఏ తయారయ్యే పోగులో రెండు చోట్ల ఉండే అక్షరభేదాలను పరిశీలించింది. పదేపదే గర్భం పోయినవాళ్లలో ఒక కలయిక ఎక్కువగా కనిపించింది. ఆ కలయిక ఉన్నచోట 125ఏ తక్కువగా తయారవుతుంది. అది అదుపులో ఉంచాల్సిన రెండు జన్యువులు అదుపు తప్పుతాయి. ఆ రెండూ పిండం నాటుకోవడానికి, గర్భాశయపు పొర సిద్ధం కావడానికి సంబంధించినవే. ద్రోషా చేతికొచ్చే పోగు కాస్త మారినా ఎంత దూరం పోతుందో దీంతో తెలుస్తుంది. ఇలాంటి భేదాలనే 2012లో కొరియా స్త్రీలలో, 2015లో లక్నో సంజయ్ గాంధీ పీజీఐ వాళ్లు ఉత్తర భారత స్త్రీలలో పరీక్షించారు.

మనకు దగ్గరలో, హైదరాబాద్ సీడీఎఫ్‌డీ శాస్త్రవేత్తలు పదేపదే గర్భం పోయిన 1,162 దక్షిణాది జంటల క్రోమోజోములు చూసి 2011లో ఫలితాలు ప్రచురించారు. ఆ జంటల్లోని భార్యాభర్తలందరినీ విడివిడిగా లెక్కేస్తే 78 మందికే అమరికలో తేడా కనిపించింది. నూటికి మూడున్నర కూడా కాదు. మిగతా దంపతుల క్రోమోజోములు సూక్ష్మదర్శిని కింద నిక్షేపంగా ఉన్నాయి. దాన్నిబట్టి కారణమంతా ఆర్‌ఎన్‌ఏలోనే ఉందనుకోకూడదు. దంపతుల క్రోమోజోములు బాగున్నా, ఆ ఒక్క అండంలోనో పిండంలోనో లెక్క తప్పవచ్చు. మూడో నెలలోపు పోయే గర్భాల్లో పెద్ద వాటా దానిదే. రక్తం గడ్డకట్టించే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు, గర్భాశయం మధ్య అడ్డగోడ, థైరాయిడ్ లోపం కూడా కారణాలే. అన్నీ చూశాక కూడా దాదాపు సగం జంటలకు కారణం దొరకదు. ఆ దొరకని చోటే ఈ బుల్లి పోగుల వేట సాగుతోంది.

ఆ వేటలో ఒక చిక్కుముడి ఉంది. పోయిన గర్భం నుంచి తీసిన కణజాలంలో ఫలానా ఆర్‌ఎన్‌ఏ పెరిగింది, ఫలానాది తగ్గింది అని చూపడం తేలిక. గర్భం పోవడానికి ముందు అలా ఉందా, పోయిన తర్వాత అలా అయిందా అన్నది ఆ కణజాలం చెప్పదు. ఎండిన అంటును విప్పి చూస్తే పచ్చపొర నల్లబడి ఉంటుంది. అది నల్లబడి అంటు ఎండిందో, ఎండడం వల్ల నల్లబడిందో విప్పినవాడికి తెలియదు. అందుకే గర్భం దాల్చిన తొలి వారాల నుంచే రక్తం తీసి, ఆ బుడగల్లోని చీటీలను చదువుతూ పోయే పద్ధతి మీద నాకు నమ్మకం ఎక్కువ. అది కదపకుండా చూడటం. ఇప్పటికి మాత్రం ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేసి మీ గర్భం ఇందుకే పోయింది అని చెప్పగల స్థితి వైద్యంలో లేదు. అలా చెప్పి డబ్బు అడిగితే ఇవ్వక్కర్లేదు.

చేయగలిగినవి ఉన్నాయి. యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు తేలితే ఆస్పిరిన్, హెపారిన్ ఇస్తారు. థైరాయిడ్ సరిచేస్తారు. గతంలో మూడు, అంతకు మించి గర్భాలు పోయి, ఈసారి తొలి వారాల్లో రక్తం కనిపించినవాళ్లకు ప్రొజెస్టిరాన్ మేలు చేస్తుందని 2019లో బ్రిటన్‌లో నాలుగు వేలమందికి పైగా స్త్రీలతో చేసిన పరీక్షలో తెలిసింది. కారణం దొరకనివాళ్లలో కూడా ఎక్కువమందికి తర్వాతి గర్భం నిలుస్తుంది.

ఇదంతా ఒక సాయంత్రం పిన్నికి చెప్పాను. తలపిన్ను, కొలబద్ద, బిరడాలు, చీటీలు, అన్నీ చింతపండు గింజలు తీస్తూ వింది. మధ్యలో ఒకటి రెండుసార్లు, మళ్లీ చెప్పమంది. బిరడాల సంగతి ఎక్కువ నచ్చినట్టుంది, ఎన్నో వారంలో విప్పుతాయని రెండుసార్లు అడిగింది. చివరికి చేతులు ఆపి అడిగింది.

"అయితే ఆ రోజు స్కూటీ ఎక్కినందుకు కాదా?"

"కాదు పిన్నీ. స్కూటీకీ దానికీ సంబంధం లేదు."

"బొప్పాయి ముక్క?"

"అదీ కాదు."

ఆమె గింజలన్నీ కొంగులోంచి చేటలోకి దులిపి లేచింది. "లోపల మీ నాయనమ్మ ఉంది. ఇప్పుడు చెప్పింది చెప్పినట్టు ఆవిడక్కూడా చెప్పు" అంది.